పార్కును ప్రారంభించాక నడిపేదెవరు?

గౌరవనీయులైన సంపాదకుల గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ని. హనుమకొండలో నివాసం. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తాను, సాయంత్రం మా కాలనీ పార్కులో పిల్లల ఆట చూస్తూ గంటసేపు కూర్చుంటాను. ఈ రెండు చోట్లకూ మధ్య నాకు రోజూ కనిపించే తేడా గురించి, దానికి మూలమైన ఒక లోటు గురించి మీ పత్రిక ద్వారా తోటి పాఠకులకూ, పట్టణ పాలనలో ఉన్న పెద్దలకూ విన్నవించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఈ నగరానికి విహార స్థలాలు లేవని ఎవరూ అనలేరు. వారసత్వ నగరాల అభివృద్ధి కోసం 2015లో కేంద్రం మొదలుపెట్టిన హృదయ్ పథకానికి దేశం మొత్తం మీద ఎంపికైన 12 నగరాల్లో మనదీ ఒకటి. భద్రకాళి చెరువు కట్ట ఆ పథకం కిందే కొత్త రూపు దిద్దుకుంది. హంటర్ రోడ్డులో అటవీ శాఖ చూసుకునే కాకతీయ జంతు ప్రదర్శనశాల ఉంది. హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరిట కళాప్రాంగణం ఉంది. తోట అంటే చెట్లూ గడ్డీ మాత్రమే కాదనీ, పాటకూ నాటకానికీ నలుగురు కూడి కూర్చోవడానికీ కూడా అందులో చోటుండాలనీ మన ఊరికి తెలుసుననడానికి ఆ ప్రాంగణమే సాక్ష్యం. ఇవన్నీ మనకు గర్వకారణాలే. కానీ ఆరేళ్ల పిల్ల గానీ, మోకాళ్ల నొప్పులతో బాధపడే ముసలమ్మ గానీ రోజూ ఆటో కట్టించుకుని హంటర్ రోడ్డుకు వెళ్లలేరు. వాళ్లకు కావలసింది ఇంటి నుంచి నడిచి వెళ్లి, నడిచి తిరిగి రాగలిగినంత దూరంలో ఉండే పార్కు. ఒక పట్టణ స్థానిక సంస్థ తన ప్రజలకు ఎలా సేవ చేస్తున్నదో తెలుసుకోవాలంటే చూడవలసింది అలాంటి చిన్న పార్కునే అని నా అభిప్రాయం.

మా పార్కు సుమారు పదిహేను వందల గజాల జాగ. చుట్టూ నడక బాట, ఓపెన్ జిమ్ పరికరాలు నాలుగు, రెండు ఊయలలు, ఒక జారుడుబండ, మూలన ఒక మరుగుదొడ్డి ఉన్నాయి. కడుతున్నప్పుడు బాగానే కట్టారు. నిరుటి ఎండాకాలంలో ఒక ఊయల గొలుసు పై కొక్కెం దగ్గర అరిగి తెగిపోయింది. పీట ఒక వైపుకు వేలాడుతుంటే పిల్లలు రెండో ఊయల ముందు వరుస కట్టి, ఒక్కొక్కరు ఇరవై ఊపులు ఊగి దిగాలని తమకు తామే ఒప్పందం చేసుకున్నారు. ఇరవై అయ్యాక దిగనివాణ్ని ఎలా దింపాలో కూడా వాళ్లే తేల్చుకున్నారు.

ఆ గొలుసు కోసం నేను తిరిగిన తిరుగుడు చెప్పుకోవడం ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. మొదట వెళ్లిన చోట, మొక్కలూ గడ్డీ తమ పని గానీ ఊయల తమది కాదన్నారు. రెండో చోట, గోడ కూలితే అంచనా వేయగలం గానీ గొలుసు లాంటి చిన్న మరమ్మతుకు తమ దగ్గర పద్దు లేదన్నారు. నిర్వహణ ఒప్పందం తీసుకున్నవారిని అడిగితే, నీళ్లు పట్టడం, గడ్డి కోయడం, ఊడ్వడం వరకే తమ ఒప్పందంలో రాసి ఉందని కాగితం చూపించారు. దీపాల సంగతి మరొకరిది, మరుగుదొడ్డి తాళంచెవి ఇంకొకరిది. ఎవరూ నన్ను కసురుకోలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పారు. వాళ్లు చెప్పిందంతా నిజమే కూడా. పార్కులో ఉన్న ఒక్కో వస్తువు ఒక్కో విభాగానికి చెందుతుంది. పార్కు మొత్తం ఎవరికీ చెందదు.

చివరికి కాలనీవాళ్లం తలా కొంత వేసుకుని గొలుసు కొని, వెల్డింగ్ చేసే అబ్బాయిని పిలిపించి బిగించుకున్నాం. కొన్ని నెలలకే కొత్త గొలుసు కూడా అదే కొక్కెం దగ్గర అరగడం మొదలైంది. అప్పుడు నాకు అసలు విషయం అర్థమైంది. గొలుసు కొనడం కష్టం కాదు. నెలకోసారి వచ్చి, ఆ కొక్కేన్ని చేత్తో తిప్పి చూసి, ఇంత గ్రీజు పూసి, అరిగితే మార్చి, ఆ మాట ఒక పుస్తకంలో రాసి పోయే మనిషి కావాలి. ఆ మనిషి ఎవరి కొలువులోనూ లేడు.

ఈ లోటు ఒక్క మా కాలనీది కాదు, ఒక్క మన నగరానిదీ కాదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థల బాధ్యతలుగా పేర్కొన్న 18 అంశాల్లో పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఒకే అంశంగా, ఒకే వరుసలో ఉన్నాయి. ఆ వరుస రాసినవారికి తోటా ఆటస్థలమూ వేరువేరుగా తోచలేదు. మన దగ్గర మాత్రం తోట ఉద్యాన విభాగానికి వెళ్లింది, కట్టడం ఇంజినీరింగ్ విభాగానికి వెళ్లింది, ఆట మధ్యలో జారిపోయింది. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం పురపాలికలు తమ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతికేలా చూడాలని నిర్దేశించింది. మే నెలలో ఈ ఊరి ఎండ ఎలా ఉంటుందో తెలిసిన ఎవరైనా ఆ నిబంధనకు చేతులెత్తి మొక్కుతారు. మొక్కకు చట్టం ఇచ్చిన ఆ పూచీ, ఆ మొక్క నీడన ఆడుకునే పిల్లకు కూడా దొరకాలన్నదే నా వేడుకోలు. నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయని లెక్క అడుగుతున్నాం. ఈ వారం పార్కుకు ఎంతమంది వచ్చారని, వాళ్లలో ఆడపిల్లలు ఎందరని లెక్క అడిగేవారు లేరు.

జాగ సంగతి కూడా చెప్పాలి. లేఅవుట్ వేసేవారు పది శాతం స్థలాన్ని ఖాళీగా విడిచి స్థానిక సంస్థకు రాసివ్వాలన్నది నియమం. అలా విడవని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవారి నుంచి 2020 నాటి క్రమబద్ధీకరణ పథకం కింద ఖాళీ స్థలానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం రుసుము కట్టాలని నిర్ణయించారు. వాళ్లు కట్టింది తమ పిల్లలకు దక్కకుండా పోయిన ఆటస్థలానికి ప్రతిగా కట్టిన సొమ్ము. అది ఆ చుట్టుపక్కలే ఏదో ఒక ఆటస్థలంగా కళ్లముందు కనబడాలని వాళ్లు ఆశించడం న్యాయం. పార్కుకు విడిచిన జాగాను మరో అవసరానికి మళ్లించడం తగదని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వగా, ఆ కాలనీ నివాసులు పోరాడి దాన్ని కాపాడుకున్న కేసు అది. ఆసుపత్రి కూడా మంచి పనే గదా అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. నాకు ఆ తీర్పులో నచ్చింది ఇదే.

కేంద్రం 2014లో వెలువరించిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు ఒక్కో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలంటాయి. 2011 జనాభా లెక్కల నాటి మన నగరంలోని దాదాపు ఎనిమిది లక్షల జనాభాకు తక్కువలో తక్కువ లెక్క వేసినా దాదాపు రెండు వేల ఎకరాలు కావాలి. అంత కొత్త జాగ ఇప్పుడు నగరం నడిబొడ్డున ఎక్కడి నుంచి తేగలం? కాబట్టి ఉన్న ప్రతి గజాన్నీ పొద్దుటి నుంచి రాత్రి దాకా పనికొచ్చేలా చేసుకోవడమే దారి.

ఇక్కడ వ్యాయామ ఉపాధ్యాయుడిగా నాకు తెలిసిన ఒక లెక్క చెబుతాను. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మన భాషలో చెప్పాలంటే నూట యాభై ఐదు గజాలు, అంటే మధ్యతరగతి మనిషి ఇల్లు కట్టుకునే ఒక చిన్న ప్లాటు. చుట్టూ నిలబడేందుకు కాస్త జాగ కలుపుకున్నా రెండు వందల యాభై గజాలకు మించదు. దానికి కావలసింది రాళ్లు ఏరి, తవ్వి, మెత్తని మట్టి పోసి, నీళ్లు చల్లి చదును చేసిన నేల, సున్నం గీతలు. అంతకు మించి ఖర్చు లేదు. అయినా చాలా కాలనీ పార్కుల్లో ఉన్న కాసింత మట్టినీ పేవర్ బ్లాకులతో కప్పేస్తున్నారు. మా పార్కులో జారుడుబండ దిగే చోట కూడా బ్లాకులే. ఒక సాయంత్రం ఏడేళ్ల పిల్లవాడు జారి కిందికి వచ్చి ఆ రాతి అంచు మీద పడి మోచేయి చీరుకున్నాడు. నా తువ్వాలే కట్టి ఇంటికి తీసుకెళ్లాను. అక్కడ ఉండవలసింది జానెడు లోతున ఇసుక. ట్రాక్టరు ఇసుక చాలు. నేలను మట్టిగా వదిలిపెడితే వాన నీరు ఇంకుతుంది కూడా. 2023 జూలైలో మన కాలనీల్లోకి వచ్చిన వరదను చూసినవారికి ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఆడపిల్లల విషయం నాకు మరీ బాధ కలిగిస్తుంది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్షలో మగవారు 1600 మీటర్లు, ఆడవారు 800 మీటర్లు నిర్ణీత సమయంలో పరుగెత్తాలి. శిక్షణ కోసం ఉత్తర తెలంగాణ జిల్లాలన్నిటి నుంచీ పిల్లలు హనుమకొండకు వచ్చి గదులు అద్దెకు తీసుకుంటారు. మగపిల్లలు తెల్లవారుజామున నాలుగున్నరకే పెద్ద మైదానాలకు చేరుకుంటారు. ఆ చీకట్లో ఒంటరిగా అంత దూరం పోలేని ఆడపిల్లకు కాలనీ పార్కులోని నడక బాటే మైదానం. మా బాట చుట్టూ ఒకసారి తిరిగితే దాదాపు నూట ముప్పై మీటర్లు, ఆరు చుట్ల మీద మరికొంత దూరం తిరిగితే ఆమె పరీక్షకు సరిపోతుంది. కానీ గేటు ఆరింటికి గానీ తెరవరు, సాయంత్రం ఏడు దాటితే దీపాలుండవు, మరుగుదొడ్డికి తాళం. ఈ మూడు చక్కబడితే ఒక అమ్మాయి ఉద్యోగానికి దారి పడవచ్చు. మధ్యాహ్నం పూట గేటు మూసి ఉంచడం కూడా నాకు అర్థం కాదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇరుకు గదుల్లో ఉడికిపోతుంటే, కానుగ చెట్ల చల్లని నీడ తాళం వెనుక ఎవరికీ కాకుండా పోతున్నది.

చేయాలనుకుంటే ఇవన్నీ చేయగలరని నాకు తెలుసు. ఏటా నా కళ్లతో చూస్తున్నాను. ఎంగిలిపూల నాడు మొదలై సద్దుల బతుకమ్మ దాకా ఆ తొమ్మిది రోజులూ మా పార్కు మరో చోటులా ఉంటుంది. అంతకు ముందు రోజే ట్రాక్టరు వచ్చి చెత్త ఎత్తుకుపోతుంది. గడ్డి కోస్తారు, నీళ్లు చల్లుతారు, నాలుగు మూలలా దీపాలు కడతారు, మరుగుదొడ్డి తాళం తీస్తారు. రాత్రి తొమ్మిదింటికి కూడా ఆడవాళ్లూ పిల్లలూ నిర్భయంగా ఉంటారు. ఆ పని చేసేది మామూలు రోజుల్లో ఉండే అదే సిబ్బంది, అదే విభాగాలు. తేడా ఒక్కటే, ఆ తొమ్మిది రోజులకు ఫలానా పార్కు ఫలానా అధికారి బాధ్యత అని ముందే పేరు రాసి పెడతారు. నిరుడు సద్దుల నాడు, బతుకమ్మను దింపి మెట్టు మీద కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను అడిగింది: "గీ లైట్లు గీ తొమ్మిదొద్దులేనా సారూ?" నా దగ్గర జవాబు లేదు.

హైదరాబాదు మహానగర పాలక సంస్థలో పచ్చదనం చూసే విభాగంతో పాటు క్రీడా విభాగం కూడా విడిగా ఉంది, ఏటా వేసవిలో పిల్లలకు శిక్షణ శిబిరాలు నడుపుతుంది. మన నగరానికి కూడా అలాంటి విభాగం ఒకటి కావాలి. దాని పని కొత్త పార్కులు కట్టడం కాకపోయినా ఫరవాలేదు, ఉన్నవాటిని నడపడమైతే చాలు. ప్రతి పార్కు గేటు దగ్గర బాధ్యుడి పేరు, ఫోను నంబరు, తెరిచే వేళలు రాసిన బోర్డు ఉండాలి. ఊయల కొక్కేలు, జిమ్ పరికరాలు, దీపాలు నెలనెలా చూసి రాసే పుస్తకం ఉండాలి. చిన్న మరమ్మతులకు ఆ బాధ్యుడి చేతిలోనే కొంత సొమ్ము ఉండాలి, గొలుసు కోసం అంచనాలు వేయించి ఆమోదం కోసం ఎదురుచూడనక్కరలేకుండా. 2019 చట్టమే ప్రతి వార్డుకూ యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరు కమిటీలు ఉండాలని చెప్పింది. పార్కుకు వచ్చేవారు కూడా సరిగ్గా వీళ్లే. పార్కు వేళలు, ఏ మూల ఏ ఆట, ఎక్కడ బల్లలు అన్న నిర్ణయాలు వాళ్ల ముందు పెడితే, జిమ్ పరికరాలు ఎండలోనూ బెంచీలు ముళ్లకంప పక్కనా వెలిసే పరిస్థితి రాదు.

నాలాంటి విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయులు ఈ నగరంలో చాలామందే ఉన్నారు. జీతం అడగం. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు, వారానికి నాలుగు రోజులు, ఒక్కొక్కరం ఒక్కో పార్కులో పిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం. మాకు కావలసింది ఆ పని చేసుకోవచ్చునని ఒక కాగితం, మట్టి నేల, దీపం, గేటు తాళంచెవి. మా కాలనీ తరఫున ఈ విన్నపాన్ని రాతపూర్వకంగా ఇప్పటికే ఒకసారి ఇచ్చాం. ఈ సోమవారం, అధికారులు ప్రజల విన్నపాలు తీసుకునే ప్రజావాణిలో మరోసారి ఇవ్వబోతున్నాం. దానితో పాటు పార్కు కొలతలు, కబడ్డీ కోర్టుకు సరిపోయే మూల ఎక్కడుందో చూపే పటం, మళ్లీ అరిగిన కొక్కెం ఫొటో కూడా జతపరుస్తున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
హనుమకొండ.