ఆ సోలో వెనక ఉన్నది ఆరు తీగల బేస్

సంపాదకులకు,

1968 నాటి 'విచిటా లైన్‌మ్యాన్' పాటలో అమెరికన్ గాయకుడు, గిటారు వాద్యకారుడు గ్లెన్ క్యాంప్‌బెల్ సోలో లాంటి మోత రావాలంటే ఆక్టేవ్ పెడల్ (గిటారు స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించే పరికరం) కొనాలని మీ పత్రికలో ఒక ఉత్తరం వచ్చింది. కోనసీమలో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో గిటారు వాయించే కుర్రాళ్లు డబ్బు తగలేసేలోపే ఇది రాస్తున్నాం.

ఆ సోలో డేన్‌ఎలెక్ట్రో కంపెనీ ఆరు తీగల బేస్ గిటారు మీద వాయించినది. అదే పాటకు బేస్ వాయించిన కరోల్ కే వాద్యం అది. శ్రుతి గిటారుదే, ఒక స్థాయి కింద. గిటారు ఆరో తీగ 82 హెర్ట్జ్‌లో పలికితే దానిది 41. నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (రెండో కొసన తీగలు ఆనే చోటు) దాకా సుమారు 30 అంగుళాలు. చెక్క చట్రానికి హార్డ్‌బోర్డు అంటించి చేసిన చవక సరుకు! ఖరీదైన కర్ర లేకపోతే గిటారే కాదనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పెడల్ స్వరాన్నే కాదు, పిక్ (మీటే బిళ్ల) తగిలిన 'టక్'నీ కిందికి లాగేస్తుంది. పొడుగాటి లావు తీగ మీద స్వరం మంద్రంలో ఉన్నా ఆ 'టక్' పైన స్పష్టంగా ఉంటుంది. రుచంతా అందులోనే. అమెరికాలో కంట్రీ సంగీతానికి పేరున్న నాష్‌విల్‌లో నిలువు బేస్‌కు (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యానికి) జతగా ఇలాంటి వాద్యాన్నే అరచేత్తో తీగలు అదిమి వాయించేవారు. చిన్న రేడియోలో అడుగు స్వరం వినిపించకపోయినా ఆ టకటక వినబడేది.

అలాంటి వాద్యం లేకపోతే, అంత కిందికి దిగకపోయినా, మామూలు 25.5 అంగుళాల గిటారుకు బారిటోన్ సెట్టు (మంద్ర శ్రుతికి చేసిన లావు తీగలు), 14 నుంచి 68 వరకు (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ లావు) ఉన్నది వేసి, బి నుంచి బి దాకా శ్రుతి చేయండి. అంటే అయిదు ఫ్రెట్లు కిందికి. వేళ్లు ఆ మేరకు పైకి, బ్రిడ్జి వైపు జరపాలి. ఇంకా దించితే తీగ వదులై ఫ్రెట్లకు కొట్టుకుంటుంది, గట్టిగా మీటగానే శ్రుతి పైకెక్కి దిగుతుంది. పాత నట్ గాడిలో 68 తీగ దిగదు, పైనే కూర్చుంటుంది. గాడిని వెడల్పు చేయాలి, లోతు కాదు; లోతైతే ఖాళీ తీగ జరజరలాడుతుంది. లావు తీగను కోసేముందు కొసను మడవాలి, లేకపోతే చుట్టు ఊడిపోతుంది. పన్నెండో ఫ్రెట్ స్వరం అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కన్నా ఎక్కువ పలికితే శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను) మెడకు దూరంగా వెనక్కి జరపండి. శాడిల్ స్క్రూ చాలకపోతే దాని స్ప్రింగ్ తీసేయొచ్చు.

గట్టి పిక్, బ్రిడ్జికి దగ్గరగా మీటు, ఆంప్‌లో బేస్ నాబ్ తగ్గింపు. గమకాలు అక్కర్లేదు, గాయకుడి వరసే సోలో.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి చుట్టు తీగలు ముందు మొద్దుబారతాయి. వాయించాక పొడిగుడ్డతో కింది వైపు కూడా తుడవండి.

ఇట్లు
కొందరు గిటారు వాద్యకారులు
అమలాపురం