"ఎంత కట్టాలె సార్?"

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో కన్సల్టెన్సీ అంటే అమెరికా చదువుకో, సాఫ్ట్‌వేర్ కొలువుకో ముందుగా డబ్బు కట్టించుకునే ఆఫీసు అనే అర్థం స్థిరపడిపోయింది. అందుకే నా పూర్వ విద్యార్థి ఒకరు తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చి, మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్‌లో చేరాలని ఉందని చెప్పగానే, ఆ పెద్దమనిషి "ఎంత కట్టాలె సార్?" అని అడిగారు. ఆయనను తప్పుపట్టలేను.

నిజానికి ఇది పాత వృత్తే. ఈ సలహా సంస్థల్లో మెకిన్సే 1926లో, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ 1963లో, బెయిన్ 1973లో మొదలయ్యాయి. లాభం ఎందుకు తగ్గింది, కొత్త ఊళ్లో వ్యాపారం పెట్టవచ్చా వంటి ప్రశ్నలకు లెక్కలతో జవాబు వెతికి యాజమాన్యాలకు సలహా ఇవ్వడం వీటి పని. చదువు ముగియగానే చేరేవారు సాధారణంగా అనలిస్టులుగా మొదలై, సమాచారం సేకరించడం, ఎక్సెల్‌లో లెక్క కట్టడం, స్లైడ్లు తయారుచేయడం నేర్చుకుంటారు. చేరేవారి దగ్గర ఈ సంస్థలు పైసా తీసుకోవు.

మా వాడు తడబడింది కేస్ ఇంటర్వ్యూలో, అంటే ఒక వ్యాపార సమస్య ఇచ్చి అభ్యర్థి ఎలా ఆలోచిస్తాడో చూసే ఇంటర్వ్యూలో. వేసవిలో మీ పట్టణంలో జ్యూస్ బండ్ల మీద రోజుకు ఎన్ని బత్తాయిలు ఖర్చవుతాయని అడిగితే, మూడెకరాల బత్తాయి తోట ఉన్న ఇంటి పిల్లవాడు "తెలియదు సార్" అని ఊరుకున్నాడు. వాళ్లు అడిగింది సరైన అంకె కాదు, దాన్ని చేరుకునే దారి. క్యాలెండర్ కాగితం వెనుక ఇద్దరం లెక్క వేశాం: జనాభా రెండు లక్షలనుకుంటే, నలభై మందిలో ఒకరు తాగినా 5,000 గ్లాసులు, గ్లాసుకు మూడు కాయలు, కిలోకు అయిదు చొప్పున మూడు టన్నులు. అంతవరకు మౌనంగా ఉన్న తండ్రి అందుకొని "గ్లాసుకు మూడు కాయలు సాలవు సార్, నాలుగు పడతయి. తరుగు తీసినంక రైతుకేం మిగులుతదో అది గూడ రాయుండ్రి" అన్నారు. లెక్క నాలుగు టన్నులకు మారింది. ఇంటర్వ్యూ చేసేవారు తర్వాత అడగదగిన ప్రశ్న కూడా రైతుకేం మిగులుతుందన్నదే.

ఈ సంస్థలు ఎక్కువగా ఐఐఎంలు, ఐఐటీలు, గచ్చిబౌలిలోని బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ వంటి చోట్లనే ఎంపికలు జరుపుతాయి. అవి మన క్యాంపస్‌లకు వస్తాయని పిల్లలకు ఆశ పెట్టడం సరికాదు. అయితే 2007లో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం గానీ, 2008లో వచ్చిన పాలమూరు విశ్వవిద్యాలయం గానీ ఎంబీఏ విద్యార్థులకు వారానికొక గంట ఇటువంటి అభ్యాసం పెట్టడానికి ఎవరి రాకకోసమూ ఎదురుచూడనక్కరలేదు. మిర్యాలగూడ రైస్ మిల్లులో క్వింటాలు ధాన్యానికి ఎంత బియ్యం వస్తుంది, నూకలు, తవుడు ఎంత పలుకుతాయి, గద్వాల చీర మగ్గం మీద ఎన్ని రోజులు ఉంటుంది, దానిలో నేతగాడికి ముట్టేదెంత అన్నవి విదేశీ పుస్తకాల ఉదాహరణల కంటే మన పిల్లలకు బాగా అందుతాయి.

మీ చదువుల పేజీలో వారానికొక కేస్ ప్రశ్న ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మొదటి నాలుగు వారాల ప్రశ్నలు తయారుచేసి పంపే బాధ్యత నాది.

ఇట్లు,
విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు,
నల్లగొండ.