లాంచీ కొయ్య మరమ్మతు లోపాలపై ఫిర్యాదు

రంభ, గంజాం జిల్లా, ఒడిశా

మరమ్మతు విభాగం మేనేజరు గారికి,

విషయం: మా పాత మోటారు లాంచీ కొయ్యకు మీరు వేసిన అతుకును విప్పి, మీ ఖర్చుతో తిరిగి చేయించడం గురించి.

అయ్యా,

చిలికా ఒడ్డున రంభ రేవులో ఉండే మా 42 అడుగుల టేకు లాంచీ ముందు కొయ్యను, అంటే దీపం, హారన్ మోసే నిలువు స్తంభాన్ని, అడుగుభాగం పుచ్చిందని, మహాశివరాత్రి వెళ్లిన వారంలో మీ యార్డుకు పంపించాను. రథయాత్రకు ముందు మీ మనుషులే తెచ్చి నిలబెట్టి, మిగిలిన సొమ్ము పుచ్చుకుని వెళ్లారు. మూడు వారాలు వానలు పడ్డాక బయటపడిన సంగతులు ఇవి.

కొయ్య అడుగున 6 అంగుళాల మందం. పుచ్చు కోసేసి కొత్త చెక్క అతికేటప్పుడు ఏటవాలు కోత మందానికి కనీసం ఎనిమిది రెట్లు, వీలైతే పన్నెండు రెట్లు పొడవుండాలన్నది ఈ పని తెలిసిన వడ్రంగులందరూ పాటించే లెక్క. మీ కొటేషనులో కూడా పన్నెండు రెట్లనే రాశారు, అంటే 6 అడుగులు. మిగతా కొయ్యంతా నారలు కనిపించే వార్నిష్ ఉండగా అడుగున రెండడుగుల మేర మాత్రం గోధుమరంగు పెయింటు ఎందుకు పూశారో నాకు మొదట అర్థం కాలేదు. బరంపురం నుంచి పిలిపించిన వడ్రంగి ఆ పెయింటును ఉలి అంచుతో గీకి టేపు పెడితే అతుకు పొడవు 15 అంగుళాలు తేలింది. జిగురు గీత వెంబడి గోరు దూరేంత సందు కూడా ఉంది. తడి ఆరని చెక్కకు ఎపాక్సీ జిగురు పట్టదని మీకు నేను చెప్పవలసిన పని లేదు.

రెండోది ఇంతకంటే చిన్నదిగా కనిపించినా నా దృష్టిలో పెద్ద తప్పు. కొయ్య కాలు కూర్చునే దిమ్మలో, దిగిన వాననీరు బయటికి పోవడానికి చిటికెనవేలు పట్టేంత కన్నం ఉండేది. దాన్ని మీవాళ్లు పాత చిల్లు అనుకున్నారో ఏమో, లప్పం పెట్టి పూడ్చేశారు. చెక్కను పుచ్చబెట్టేది ఉప్పునీరు కాదు, నిలిచిన వాననీరు. అందుకే మా నాన్నగారు ఎండాకాలంలో, చిలికా నీరు బాగా ఉప్పెక్కినప్పుడు, బకెట్లతో తోడించి డెక్కు మీద పోయించేవారు. ఇప్పుడు ఆ దిమ్మలో మూడు అంగుళాల నీళ్లు నిలిచి ఉన్నాయి, కొత్త చెక్క కాలు రాత్రింబవళ్లు అందులోనే నానుతోంది.

పైగా దిమ్మలో దిగేలా కొయ్య కాలి చివర కొత్తగా చెక్కిన కుసి వంకరపోవడంతో కొయ్య మొత్తం ఎడమకు దాదాపు పది డిగ్రీలు తిరిగి నిలబడింది. కొయ్యను పక్కలకు బిగించి పట్టే తీగలు ఒరుసుకోవడం అటుంచి, పైనున్న తెల్లదీపం సంగతి చూడండి. అది లాంచీ ముక్కుకు ఇరువైపులా సమానంగా, మొత్తం 225 డిగ్రీల మేర కనిపించాలన్నది అంతర్జాతీయ నియమం. మా దీపం ఇప్పుడు ఎడమవైపు కనపడకూడని చోట కనపడుతోంది, కుడివైపు కనపడవలసిన చోట మరుగవుతోంది. రాత్రిపూట ఎదురొచ్చే చేపల పడవవాడు దీన్ని చూసి మేం ఎటు పోతున్నామని అనుకోవాలి?

ఫోనులో ఇవన్నీ చెబితే, ఇంజను లాంచీకి తెరచాప ఎలాగూ లేదు కాబట్టి కొయ్య అలంకారమేనని మీ ప్రతినిధి అన్నారు. ఆ మాటే నన్ను ఈ ఉత్తరం రాయించింది. మా కొయ్యకు దీపం ఉంది, హారన్ ఉంది, చిన్న పడవను నీళ్లలోంచి పైకెత్తే కప్పీ బరువంతా దాని మీదే పడుతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేముందు మేం కొయ్యను దించి ఒడ్డున కట్టేసి కాపాడుకున్నాం. అలంకారం కోసం ఆ గాలిలో ఎవరూ అంత అవస్థ పడరు.

కాబట్టి ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో కొయ్యను మీ ఖర్చుతో దించి తీసుకువెళ్లి, మీరే ఒప్పుకున్న పొడవులో ఆరిన చెక్కతో అతుకు వేసి, కన్నం తెరిచి, కుసి సరిచేసి, ఈసారి నేను గానీ మా వడ్రంగి గానీ దగ్గరుండగా నిలబెట్టవలసిందిగా కోరుతున్నాను. అతుకు మీద రంగు వేయకండి, వార్నిష్ మాత్రమే వేయండి. లేని పక్షంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే ఈ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేస్తాను. కొటేషను, రసీదు, టేపు పెట్టి తీసిన ఫొటోలు జతచేస్తున్నాను.

మరొక్క మాట. పాత కొయ్య కాలి కింద జార్జి చక్రవర్తి బొమ్మ ఉన్న రాగి నాణెం ఒకటి ఉండేది. దాన్ని తిరిగి అక్కడే పెట్టమని పంపేటప్పుడే చీటీ రాసి కట్టాను, ఇప్పుడది దిమ్మలో లేదు. దాని విలువ నేను కట్టడం లేదు. దొరికితే పంపండి, దొరక్కపోతే దొరకలేదని రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
భవదీయుడు,
లాంచీ యజమాని