వచ్చే నెల నుంచి మన షాపులో బ్రాయిలర్ సగమే

వచ్చే నెల నుంచి బ్రాయిలర్ కోళ్లు సగానికి తగ్గిస్తున్నాం. ఆ చోట మా ఫారంలో పెంచుతున్న వనరాజా కోళ్లు వస్తాయి. ధర ఎక్కువే ఉంటుంది కాబట్టి కారణం ముందే చెబుతున్నాను.

"ఇంజెక్షన్లు ఇచ్చి పెంచుతారట కదా అన్నా" అని కౌంటర్ దగ్గర చాలామంది అడుగుతారు. మేం ఇవ్వం, అసలు ఆ అవసరమే లేదు. బ్రాయిలర్ అంత వేగంగా పెరగడం చాలావరకు జాతిలోనే ఉంది. త్వరగా బరువొచ్చే కోళ్లనే ఎంచి, తరం తర్వాత తరం వాటినే జత కట్టిస్తూ వచ్చారు. కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీలో 1957 నాటి రకాన్నీ 2005 నాటి రకాన్నీ ఒకే మేత పెట్టి పెంచి చూశారు. 56 రోజులకు పాతది 905 గ్రాములు తూగితే, కొత్తది 4 కిలోలు దాటింది.

ఆ బరువు మోయాల్సిన ఎముక మాత్రం ఇంకా పసిదే. ఐదో వారంలో షెడ్డులోకి వెళ్తే కొన్ని కోళ్లు రెక్కలు ఆనించుకుని రెండడుగులు వేసి కూలబడతాయి. తడి ఊక మీద అలాగే కూర్చుని మడమల దగ్గర చర్మం ఎర్రగా కమిలిపోతుంది. నీళ్ల దాకా నడవలేనివి చిక్కిపోతాయి. అలాంటి కోడి కాలి ఎముకను నిలువుగా కోసి చూస్తే, పైకొసన గట్టిపడాల్సిన మృదులాస్థి తెల్లటి ముద్దలా మిగిలిపోయి కనిపిస్తుంది. మంచి మేత, పొడి ఊక, రాత్రి చీకటి ఇస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. రోజూ వాటి మధ్య తిరిగేవాణ్ణి, చూస్తూ ఊరుకోవడం నావల్ల కావట్లేదు.

వనరాజా మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. ఇదీ ఎంపిక చేసి పెంచిందే, కాకపోతే పెరట్లో తిరిగి బతకాలని కాళ్ల పొడవు కూడా చూసి ఎంచారు. ఇది నాటుకోడి కాదు. ఆ పేరుతో అమ్మను.

కిలోన్నర రావడానికి మూడు నెలలైనా పడుతుంది, మేత ఖర్చంతా ధరలోకి వస్తుంది. రొమ్ము కండ తక్కువ, అందుకని ఇందులో బోన్‌లెస్ ఇవ్వలేం. కుక్కర్‌లో రెండు మూడు విజిల్స్ ఎక్కువ పెట్టండి.

బడ్జెట్ చూసుకునేవాళ్ల కోసం బ్రాయిలర్ ఉంటుంది. ఆదివారానికి వనరాజా కావాలంటే శుక్రవారం సాయంత్రంలోగా చెప్పండి.