ముందు రీడింగ్, తర్వాతే బాక్స్: మా కస్టమర్లకు ఒక మాట

విజయవాడ ఆటోనగర్‌లో మా షాపుకి వచ్చే బండ్లలో ఇప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ 650లే ఎక్కువ. చాలామంది సైలెన్సర్ మార్చారు, కొందరు ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చారు. అందరూ అడిగేది ఒకటే, "అన్నా, ఏ బాక్స్ వేయించుకోమంటావు?" బాక్స్ అంటే ఇంజిన్‌లోకి పోయే పెట్రోల్‌ని సరిచేసే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం. ఈ నెల నుంచి ఫోన్‌లో అడిగితే పేరు చెప్పను. బండి తెచ్చి, పెట్రోల్-గాలి పాళ్లు ఎలా ఉన్నాయో రీడింగ్ తీయించుకున్నాకే బాక్స్ ఇస్తాం. దీనివల్ల మీకు ఒక పూట పని పడుతుంది, మాకు కొన్ని అమ్మకాలు పోతాయి. అయినా ఎందుకు ఇలా పెట్టామో చెప్పాలి కదా.

మీలో సగానికి పైగా మార్చింది సైలెన్సర్ చివరి ముక్క మాత్రమే. అలాంటి బండికి చాలాసార్లు ఏ బాక్సూ అక్కర్లేదు. మామూలుగా నడుపుతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ పొగను చూస్తూనే ఉంటుంది, ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, దాన్నిబట్టి పెట్రోల్ సర్దుకుంటుంది. "మరి రేజ్ వదిలినప్పుడు పటపటా కొడుతోంది కదన్నా" అంటారు. మా దగ్గరికి వచ్చిన ఇలాంటి బండ్లలో ఎక్కువ వాటికి కారణం సైలెన్సర్ పైపు జాయింట్ దగ్గర గాలి లీకే. సైలెన్సర్ విప్పి కొత్తది బిగించేటప్పుడు జాయింట్‌లో లీకు ఆపే పాత గాస్కెట్టే మళ్లీ పెట్టేస్తారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి జాయింట్ మీద సబ్బునీళ్లు కొట్టండి, లీకుంటే బుడగలు వస్తాయి. ఇంట్లోనే చూసుకోవచ్చు. లీకు సెన్సర్‌కి ముందు ఉంటే ఇంకో నష్టం ఉంది. బయటి గాలి లోపలికి పోయి సెన్సర్‌కి తగులుతుంది, పెట్రోల్ తక్కువైందని ఈసీయూ అనుకుని ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది. ఈ పరిస్థితిలో ఎంత ఖరీదైన బాక్స్ పెట్టినా లాభం లేదు. గాస్కెట్ మార్చితే చాలు.

ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకు దొరికే "పవర్ చిప్"లు తెచ్చి ఫిట్ చేయమని అడుగుతున్నారు. అవి మేం అమ్మం, ఫిట్ కూడా చేయం. ఒక కస్టమర్ తెచ్చినదాన్ని ఆయన ముందే విప్పాం. నల్ల ప్లాస్టిక్ డబ్బా, లోపల మైనం లాంటి పదార్థం, దాని మధ్యలో ఒకే ఒక్క రెసిస్టర్. లోపలికి వచ్చే గాలి వేడి చూసే సెన్సర్ వైరు మధ్యలో దాన్ని కలుపుతారు. గాలి చల్లగా ఉందని ఈసీయూ పొరపడి పెట్రోల్ పెంచుతుంది. ఆక్సిజన్ సెన్సర్ పనిచేసే వేగాల్లో ఆ పెంచినదాన్ని ఈసీయూయే మళ్లీ తగ్గించేస్తుంది. ఇక ఫుల్ రేజ్‌లో, మన మే నెల ఎండలోనూ డిసెంబర్‌లోనూ ఎంత పెట్రోల్ పోస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇంజిన్ హెడ్ నుంచి చివరిదాకా పొగ గొట్టం మొత్తం మార్చి, ఓపెన్ ఫిల్టర్ కూడా పెట్టిన బండి సంగతి వేరు. దానికి పెట్రోల్ సరిచేసే పరికరం కావాల్సిందే. బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ల ఫ్యూయెల్ఎక్స్, అమెరికా డైనోజెట్ వాళ్ల పవర్ కమాండర్ ఈ కోవలోవి. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో ఇవి మారుస్తాయి. రోజూ తిరిగే బండికి నేనైతే ఫ్యూయెల్ఎక్స్ లాంటిదే చెప్తాను, మ్యాప్ (ఏ వేగంలో ఎంత పెట్రోల్ పోయాలో చెప్పే పట్టిక) ఎంచుకోవడానికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు. వాల్వులు తెరిచే క్యామ్ మార్చినా, సిలిండర్ బోర్ పెంచినా పెట్రోల్ ఒక్కటే సరిచేస్తే సరిపోదు, స్పార్క్ టైమింగ్ కూడా చేతిలో ఉండాలి. అందుకు పవర్‌ట్రానిక్ లాంటిది కావాలి. దాన్ని కూర్చోపెట్టి ట్యూన్ చేసేవాళ్లు లేకపోతే మాత్రం కొనకండి, తప్పు టైమింగ్‌తో పిస్టన్‌కే ప్రమాదం. ఈసీయూనే తిరగరాసే పద్ధతి కూడా ఉంది, నీటుగా ఉంటుంది. కానీ షోరూమ్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మన మ్యాప్ చెరిగిపోవచ్చు. వీటిలో ఏది పెట్టినా వారంటీ విషయంలో కంపెనీ పేచీ పెట్టే అవకాశం ఉందని ముందే తెలుసుకోండి.

రీడింగ్ తప్పనిసరి చేయడానికి అసలు కారణం పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. శుద్ధ పెట్రోల్ కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అంతే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. కొన్నేళ్ల కిందట చేసిన మ్యాప్‌ని, ఇంకో దేశంలో చేసిన మ్యాప్‌ని అలాగే ఎక్కిస్తే ఫుల్ రేజ్‌లో ఇంధనం చాలదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది. బండిని రోలర్ల మీద ఎక్కించి, సైలెన్సర్ చివర వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి ల్యాంబ్డా, అంటే ఇంధనానికి తగ్గ గాలి ఉందో లేదో చెప్పే అంకె, చూస్తాం. ఏ ఇంధనానికైనా 1 అంటే లెక్క సరిపోయినట్టు, అంతకన్నా తగ్గితే ఇంధనం ఎక్కువ ఉన్నట్టు. ఫుల్ రేజ్‌లో ఇంధనం కాస్త ఎక్కువే ఉండాలి. ఫుల్ రేజ్‌లో 0.88, 0.90 మధ్య ఉంటే నిశ్చింత. 0.97 దగ్గర ఆడుతుంటే ఆ బండికి మార్పు కావాలి. ఆ గ్రాఫ్ మీ ఫోన్‌కే పంపిస్తాం. రీడింగ్‌కి తీసుకున్న డబ్బు, మా దగ్గర బాక్స్ కొంటే బిల్లులో తగ్గిస్తాం.

చట్టం సంగతి కూడా దాచను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని కంపెనీ వివరాలకు భిన్నంగా మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. అందుకే డీబీ కిల్లర్ (సైలెన్సర్‌లో శబ్దం తగ్గించే ముక్క) తీసేసిన బండి, క్యాట్ (పొగలో విషవాయువులు తగ్గించే కన్వర్టర్) తీసేసిన బండి రోడ్డు మీద తిరిగేదైతే మేం ట్యూన్ చేయం. చెన్నై, కోయంబత్తూరు ట్రాకులకు లారీలో ఎక్కించి తీసుకెళ్లే బండైతే చేస్తాం. ఆసుపత్రి వీధిలో రాత్రిపూట పేలే సైలెన్సర్ వెనక మా చేయి ఉండటం నాకు ఇష్టం లేదు.

రీడింగ్‌కి వచ్చేటప్పుడు ట్యాంకులో సగానికి పైగా మీరు రోజూ కొట్టించే బంకు పెట్రోలే ఉండేలా చూసుకోండి. చైన్, వెనక టైరు బాగుండాలి, లేకపోతే రోలర్ల మీదికి ఎక్కించం. పాత సైలెన్సర్ ఇంట్లో ఉంటే వెంట తీసుకురండి, దానితోనూ ఒకసారి రీడింగ్ తీసి తేడా చూపిస్తాం. శని, ఆదివారాలు రద్దీ ఎక్కువ, వీలైతే మామూలు రోజుల్లో పొద్దున్నే రండి.