ఈ ఏడు బంగినపల్లి వస్తోంది, కానీ అడ్వాన్సు తీసుకోను

అందరికీ నమస్కారం. జనవరి నుంచి, అమెరికాలో డల్లాస్‌లో ఉన్న నా కిరాణా షాపుకొచ్చిన ప్రతివాళ్ళూ పప్పులు, పిండ్లు బిల్లు చేయించుకుంటూ అడిగే మాట ఒకటే, "అక్కా, ఈసారైనా మన మామిడిపండ్లు వస్తాయా?" అని. వస్తాయి. 2020, 2021 రెండు సీజన్లూ ఒక్క పెట్టె కూడా ఇవ్వలేకపోయాను, ఈ ఏడు, అంటే 2022లో, ఇవ్వగలను. అయితే అసలు ఏం మారింది, ఏం మారలేదు, ధర ఎందుకు పెరిగింది, మీ డబ్బుల సంగతేంటి, ఇవన్నీ ఒకచోట రాసి పెడితే మంచిదనిపించింది. కౌంటర్ దగ్గర హడావుడిలో సగం చెప్పి సగం వదిలేస్తున్నాను, దానివల్ల లేనిపోని మాటలు పుడుతున్నాయి.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. 2020 మార్చి మొదట్లో పెట్టెకు 10 డాలర్ల చొప్పున అడ్వాన్సు తీసుకున్నాను, అందులో ఎక్కువ భాగం ఇంపోర్టర్‌కు కట్టేశాను. ఆ తర్వాత కోవిడ్ వచ్చింది, అన్నీ మూతపడ్డాయి, పండ్లు రాలేదు. డబ్బులు వెంటనే తిరిగి ఇవ్వాల్సింది. ఇంపోర్టర్ నుంచి నాకు వచ్చాక ఇద్దామని ఆగాను, ఆగస్టు దాకా లాగాను. ఉద్యోగాలు పోయిన వాళ్ళు, ఇండియాలో అమ్మానాన్నలకు బాగోలేక టెన్షన్‌లో ఉన్నవాళ్ళు కూడా మీలో ఉన్నారు, ఆ టైమ్‌లో నాకు ఫోన్ చేసి "అక్కా, ఆ 40 డాలర్లు..." అని అడగడానికి మొహమాటపడ్డారు. అది నేను మర్చిపోలేదు. అందుకే ఈసారి పద్ధతి మార్చాను, అది కింద రాస్తాను.

ఇంతకీ రెండేళ్ళు ఎందుకు ఆగిపోయిందంటే, విమానాలు లేక మాత్రమే కాదు. ఇండియా మామిడి అమెరికాకు రావాలంటే అక్కడి రేడియేషన్ ప్లాంట్‌లో కాయకు కనీసం 400 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) గామా కిరణాలు పట్టించాలి, ఆ పని జరుగుతున్నప్పుడు అమెరికా వ్యవసాయ శాఖ ఇన్‌స్పెక్టర్ ఇక్కడి నుంచి వెళ్ళి అక్కడే ఉండి చూడాలి. ఆయన సంతకం పడితేనే కాయ విమానం ఎక్కుతుంది. ఆయన రాకపోకలు, బస, జీతం ఖర్చంతా ఇండియా వైపు వాళ్ళే ముందుగా కట్టాలి. కోవిడ్‌లో ఆ ఇన్‌స్పెక్టర్లు ప్రయాణం చేయలేకపోయారు. చెట్టు కాసింది, ప్లాంట్ ఉంది, కొనేవాళ్ళం మనం ఉన్నాం, చూసి సంతకం పెట్టే మనిషి ఒక్కరు లేక వ్యాపారం మొత్తం సున్నా. నూజివీడులో మా చిన్నాన్న ఆ ఏడు ఫోన్‌లో అన్న మాట, "కాయ చెట్టున ముగ్గి రాలిపోతోందమ్మా, కోసే కూలీ ఇచ్చుకుంటే అదీ నష్టమే."

2021 నవంబర్‌లో ఢిల్లీలో రెండు దేశాల ట్రేడ్ పాలసీ ఫోరం (వాణిజ్య చర్చల వేదిక) మీటింగ్ జరిగింది, అక్కడ కుదిరిన ఒప్పందం ఇది: ఇండియా నుంచి మామిడి, దానిమ్మ ఇటు వస్తాయి, అమెరికా నుంచి చెర్రీలు, అల్ఫాల్ఫా ఎండుగడ్డి అటు వెళ్తాయి. అల్ఫాల్ఫా అంటే మన ఊళ్ళలో పాడి రైతులు వేసే లూసర్న్ మేతే. అలా ఇటు రెండు, అటు రెండు. మనకు ముఖ్యమైన ముక్క ఏంటంటే, రేడియేషన్ ప్లాంట్‌లో దగ్గరుండి చూసుకునే బాధ్యతను దశలవారీగా ఇండియా అధికారులకే అప్పగిస్తారు. 2022 జనవరిలో అమెరికా వ్యవసాయ శాఖ ఆమోదం కూడా వచ్చిందని ఇండియా వాణిజ్య శాఖ ప్రకటించింది.

చాలామంది దీన్ని "రూల్స్ ఎత్తేశారట" అని చెప్పుకుంటున్నారు. ఎత్తేయలేదు. 400 గ్రే అలాగే ఉంది, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (కాయకు పురుగు, తెగులు లేవనే ప్రభుత్వ పత్రం) అలాగే ఉంది, ఇక్కడ ఎయిర్‌పోర్ట్‌లో దిగాక చెక్ చేసే హక్కు వాళ్ళకు అలాగే ఉంది. మారేది దగ్గరుండి చూసే మనిషి ఎవరన్నది, అదీ దశలవారీగా. నాలాంటి చిన్న షాపుకు అది చిన్న విషయమేం కాదు, రెండు సీజన్లు పోయింది సరిగ్గా అక్కడే కదా.

మరి ఈ రేడియేషన్ గొడవంతా దేనికి అని అడిగేవాళ్ళ కోసం 2019లో జరిగింది చెప్తాను. మన పక్క వీధిలో ఉండే పెద్దాయన ఒకరు, నేను బాబాయి గారు అని పిలుస్తాను, సాయంత్రం పూట స్టీల్ డబ్బా పట్టుకుని షాపుకొచ్చారు. మూత తీస్తే లోపల చీలిన మామిడి టెంక, దాని మధ్య మట్టిరంగు పురుగు ఒకటి, బియ్యంలో పట్టే ముక్కుపురుగులాగే ఉంది కానీ దానికన్నా బాగా పెద్దది, మెల్లగా కాళ్ళు కదుపుతోంది. "ఇంత డబ్బు పెట్టి కొంటే బతికున్న పురుగేంటమ్మా, మీ రేడియేషన్ ఏం చేసినట్టు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వేరే పెట్టె ఇచ్చి పంపించాను, తర్వాత కనుక్కున్నాను.

దాన్ని టెంక పురుగు అంటారు. కాయ పిందెగా ఉన్నప్పుడే దాని తొక్క మీద గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు కండలోంచి తొలుచుకుంటూ టెంకలోకి పోతుంది, కాయ పెరిగేకొద్దీ ఆ దారి పూడుకుపోతుంది, పైనుంచి చూస్తే చిన్న మచ్చ కూడా ఉండదు. పండు తిన్నా ఏమీ తేడా తెలియదు, టెంక పగలగొడితే తప్ప. ఈ పురుగు ఇక్కడి ఫ్లోరిడా మామిడి తోటల్లోకి చేరితే ఇక వదిలించుకోలేం అని ఇక్కడివాళ్ళ భయం, ఆ భయంలో న్యాయం ఉంది. మెక్సికో నుంచి వచ్చే మామిడికి పండు ఈగ సమస్య, దానికి కాయను 46 డిగ్రీల వేడినీళ్ళలో గంటకు పైగా ముంచితే సరిపోతుంది. టెంక లోపల కూర్చున్న పురుగుకు వేడినీళ్ళు పని చేయవు, అందుకే మన కాయకు గామా కిరణాలు. అవి కూడా పురుగును అక్కడికక్కడే చంపవు, గొడ్డుగా మార్చేస్తాయి, అంటే ఇక దానికి పిల్లలు పుట్టవు. బాబాయి గారి డబ్బాలో ఉన్నది అలాంటిదే. మీకూ ఎప్పుడైనా కనిపించవచ్చు, కంగారు పడకండి, ఆ పండు డబ్బులు నేను తిరిగి ఇస్తాను.

పెట్టె మీద గుండ్రటి గుర్తు, మధ్యలో రెండు రేకులు, పక్కన రేడియేషన్‌తో శుద్ధి చేశారని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. కాయలో రేడియేషన్ మిగిలిపోతుందా అని బాలింతలు, చిన్నపిల్లల తల్లులు అడిగారు. మిగలదు. కిరణాలు లోపలి నుంచి దాటిపోతాయి, కాయ రేడియోధార్మికం అవ్వదు. ఆసుపత్రుల్లో వాడే సిరంజిలు, గ్లవ్స్ చాలావాటిని ఇలాగే శుద్ధి చేస్తారు. మా పిల్లలకు నేను పెడుతున్నాను.

అసలు మన మామిడి ఇక్కడికి రావడమే ఒక పెద్ద కథ. 1989 నుంచి దాదాపు 18 ఏళ్ళు అమెరికాలో ఇండియా మామిడికి ప్రవేశం లేదు. 2006 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ ఢిల్లీ వెళ్ళినప్పుడు మన్మోహన్ సింగ్ గారితో మాటల్లో మామిడి కూడా వచ్చింది, తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో మొదటి లోడు న్యూయార్క్‌లో దిగింది. దానికి బదులుగా హార్లీ డేవిడ్సన్ బైకులకు ఇండియా దారి తెరిచింది. ఆ కాయలకు రేడియేషన్ పట్టించింది నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో, ఉల్లిపాయలు మొలకెత్తకుండా ఉండడానికి కట్టిన ప్లాంట్‌లో.

ఇప్పుడు ధర. 2019లో 32 డాలర్లకు ఇచ్చిన మూడున్నర కిలోల పెట్టె ఈ 2022లో 44. తగ్గుతుందని ఆశపడిన వాళ్ళకు బాధ కలుగుతుంది, నాకూ కలుగుతోంది. ఇండియా ప్రభుత్వ లెక్క ప్రకారం 2019-20లో అమెరికాకు వచ్చిన మామిడి 1,095 టన్నులు, విలువ 43.5 లక్షల డాలర్లు. భాగిస్తే కిలో 4 డాలర్లు, అంటే పెట్టెకు 14. మిగతాదంతా ఎక్కువగా విమానం ఛార్జీ, ఆపైన ఇంపోర్టర్ ఖర్చు, షికాగో నుంచి డల్లాస్‌కు ట్రక్కు, చివర్లో నా షాపు. మామిడి ఎక్కువగా ప్రయాణికుల విమానం కింది అరలోనే వస్తుంది. ఇండియా నుంచి మామూలు అంతర్జాతీయ విమానాలు మళ్ళీ మొదలయ్యేది 2022 మార్చి 27న, అప్పటిదాకా ఉన్న కొద్ది విమానాల్లో చోటు కోసం మందులతో, బట్టలతో పోటీ. ఆయిల్ రేటు సంగతి మీ కార్లో పెట్రోల్ కొట్టించినప్పుడే తెలుస్తోంది. నాకు పెట్టె షాపు గుమ్మం దగ్గరికి చేరేసరికి 38 పడుతోంది. 6 డాలర్లలో కుళ్ళినవి, నలిగినవి, మీకు తిరిగి ఇచ్చేవి పోతాయి. నిజంగా మిగిలేది పెట్టెకు రెండు డాలర్లు, ఒక్కోసారి అదీ ఉండదు. మామిడి కోసం వచ్చినవాళ్ళు కందిపప్పు, చింతపండు కూడా తీసుకుంటారు, షాపు నడిచేది దానిమీద.

ఒక్క మాట చెప్పాలి. ఇండియాలో ఏడాదికి సుమారు 2 కోట్ల టన్నుల మామిడి పండుతుంది. అందులోంచి ఇంత పెద్ద అమెరికాకు వచ్చింది వెయ్యి టన్నుల పైచిలుకు, పెట్టెల్లో చూస్తే 3 లక్షలు. చిన్నాన్న లాంటి రైతుకు ఈ దారి కొంచెం వెడల్పైతే చాలు, ఊళ్ళో దళారీ చెప్పిన రేటుకు తల ఊపకుండా ఒకరోజు ఆగగలుగుతాడు. అందుకే సంతకం పెట్టే మనిషి అక్కడే ఉండడం నాకు ఇంత ముఖ్యం అనిపిస్తోంది. "చెర్రీలు వస్తే మన రైతుకు దెబ్బ కదా" అని ఒక తమ్ముడు అడిగాడు. కాశ్మీర్, హిమాచల్ చెర్రీ రైతులకు ఆ ప్రశ్న ఉంటుంది, వాళ్ళది కొట్టిపారేసే మాట కాదు. లూసర్న్ మాత్రం మేత చాలని పాడి రైతుకు మేలే చేస్తుందని నా అభిప్రాయం.

ఏవి ఎప్పుడొస్తాయంటే, ముందు ఆల్ఫాన్సో, ఈ నెలాఖరుకు. బంగినపల్లి ఏప్రిల్ మూడో వారం తర్వాతే, చెట్టు మీద కాయ ముదరాలి కదా. 2022లో ఉగాది ఏప్రిల్ 2న, పచ్చడికి మటుకు మెక్సికో పచ్చికాయే గతి, పుల్లటివి ఏరి పెడతాను. ఆవకాయకు కూడా అవే. రసాలు తెప్పించమని చాలామంది అడుగుతున్నారు, పల్చటి తొక్క, ఇంత ప్రయాణం తట్టుకోలేవు, మాట ఇవ్వలేను.

కాయలు గట్టిగా, పచ్చిగా వస్తాయి. ఇంటికెళ్ళగానే ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి మాగవు, తొక్క నల్లబడుతుంది. పెట్టెలోంచి తీసి, తొడిమ కిందికి పెట్టి, పేపరు పరిచి నాలుగైదు రోజులు వంటింట్లో ఉంచండి, తొడిమ దగ్గర వాసన మొదలైతే తయారైనట్టు. అలాగే, ఇండియా నుంచి వచ్చే అమ్మలకు దయచేసి చెప్పండి, సూట్‌కేసులో మామిడిపండ్లు తేవద్దు. ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే పారేస్తారు, చెప్పకుండా తెస్తే ఫైన్ కూడా వేస్తారు. పోయిన ఏడు ఒక పెద్దావిడ ఆ హాల్లో అందరి ముందూ ఏడ్చారట, కూతురు చెప్తుంటే నాకూ కళ్ళు చెమర్చాయి.

ఈసారి పద్ధతి ఇది. అడ్వాన్సు లేదు. పేరు, ఎన్ని పెట్టెలు, ఏ రకం, అంతే రాయించండి. లోడు షికాగోలో క్లియరై ట్రక్కు ఎక్కాక మెసేజ్ పెడతాను, పండ్లు చూసుకుని షాపులోనే డబ్బులు కట్టండి. కాగితంలో ఏదో తప్పుందని లోడు ఎయిర్‌పోర్ట్‌లో ఆగిపోతే ఆ నష్టం నాది, మీ దాకా రాదు. ఇందుకోసం మొదటి లోడు చిన్నగా, 150 పెట్టెలకే ఆర్డర్ పెట్టాను, అంతకు మించి పోతే తట్టుకునే శక్తి నాకు లేదు. ఇంటికి రెండు పెట్టెలే ఇస్తాను, మొదటి వారంలో దయచేసి ఎక్కువ అడగొద్దు.

2020 అడ్వాన్సు ఇంకా 9 మందికి ఇవ్వాల్సి ఉంది, ఫోన్ నంబర్లు మారడంతో దొరకలేదు. అప్పటి పసుపు రంగు రసీదు ఉంటే తీసుకురండి, లేకపోయినా పర్వాలేదు, మీ పేరు నా పుస్తకంలో ఉంది. సోమవారం తప్ప రోజూ రాత్రి 9 దాకా షాపులోనే ఉంటాను.