సముద్రం చదువుతానన్న మీ అమ్మాయి గురించి

ఒరేయ్ రమణా,

రాత్రి నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. జువాలజీ డిగ్రీ అవగానే లోతు సముద్రం మీద పరిశోధన చేస్తానంటోంది, దానికి ఈత కూడా రాదు, ఎలారా అన్నావు. నాకూ రాదు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను.

అక్కడ ఈదేదెవరు? 2,500 మీటర్ల కింద ఒత్తిడి, మన మీదున్న గాలి ఒత్తిడికి 250 రెట్లు. మేం ఓడ మీంచి ఇనప పెట్టె దించుతాం, అది అడుగు మట్టిని కోసుకొస్తుంది. అర్ధరాత్రయినా సరే, జల్లెడ పట్టి, చెడిపోకుండా ఫార్మలిన్‌లో వేసి, రోజ్ బెంగాల్ అనే రంగు కలపాలి. ఒడ్డుకొచ్చాక నెలల తరబడి మైక్రోస్కోప్ కింద ఏరడమే. ఆ బూడిద మట్టిలో వెంట్రుకంత పురుగు గులాబీ రంగులో కనబడుతుంది చూడు, దానికింకా పేరే లేకపోవచ్చు!

ఇది దానికి చెప్పు. 1977లో పసిఫిక్ సముద్రంలో గాలపాగోస్ దీవుల దగ్గర ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి సముద్రం అడుగున వేడినీటి ఊటలు, వాటి చుట్టూ గుంపులుగా ప్రాణులు చూసింది. ఓడలో అందరూ భూమి, రసాయనాల వాళ్లే, జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. ఫార్మలిన్ చాలక కొన్నిటిని వోడ్కాలో వేశారు. అక్కడి గొట్టపు పురుగు మనిషంత పొడవు. నోరు లేదు, పేగు లేదు. మరి ఏం తింటోంది? 1980లో పురుగుల శాస్త్రవేత్త మెరెడిత్ జోన్స్ హార్వర్డ్‌లో మాట్లాడుతూ దాని ఒంట్లో గంధకం పలుకులున్నాయన్నాడు. వింటున్న కొలీన్ కావనా అనే విద్యార్థిని లేచి, అయితే గంధకంతో బతికే బాక్టీరియా లోపలే ఉండాలి అంది. మరుసటేడే పేపర్ వేసింది. ఎండ పొడ లేని చోట ఆ బాక్టీరియాయే పురుగుకి వండి పెడుతోందన్నమాట. అప్పటికామెకి పీహెచ్‌డీ కూడా రాలేదు.

ఉద్యోగం సంగతి నీ దగ్గర దాచను. పీహెచ్‌డీకి ఐదారేళ్లు. తర్వాతా ప్రాజెక్టు పోస్టులే ఎక్కువ, ప్రాజెక్టు ముగిస్తే జీతం ఆగుతుంది. ఆ టెన్షన్ నేనూ పడ్డాను. సముద్రం మీద పరిశోధన చేసే సంస్థలు గోవాలో ఎన్‌ఐఓ, కొచ్చిలో సీఎంఎల్‌ఆర్‌ఈ ఉన్నాయి. సముద్రానికి కావలసిన యంత్రాలు చేసే చెన్నై ఎన్‌ఐఓటీ వాళ్లు ముగ్గురిని 6,000 మీటర్లకు దించే జలాంతర్గామి మత్స్య 6000 తయారుచేస్తున్నారు. పైకి తెచ్చినవేమిటో గుర్తుపట్టేవాళ్లు కావాలి కదరా! ఎమ్మెస్సీ విశాఖలోనే, ఆంధ్రా యూనివర్సిటీలో చదవొచ్చు. డీఎన్‌ఏ పని, కాస్త కంప్యూటర్ కోడింగ్ మాత్రం ఇప్పట్నించే నేర్చుకోమను.

సంక్రాంతి సెలవుల్లో కొచ్చి పంపు. మీ చెల్లెమ్మ గది సర్దేసింది కూడా. ఒక సీసా మట్టి, ఒక మైక్రోస్కోప్ ఇచ్చి కూర్చోబెడతాను. సాయంత్రం దాకా అది కుర్చీలోంచి లేవకపోతే నేనే నీకు ఫోన్ చేస్తాను.

నీ
సూరి